పాత ఫోన్ అమ్ముతున్నారా, కొంటున్నారా? ముందు ఈసిమ్ సంగతి చూడండి

ఈసారి వచ్చిన సందేహాల్లో చాలావరకు ఈసిమ్ ఉన్న ఫోన్‌ను అమ్మడం, కొనడం గురించే. వాటిలో ఒకరిద్దరు అప్పటికే ఇబ్బందుల్లో పడి రాసినవాళ్లు. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చేసారికి వాయిదా వేసి, ఈసారి పూర్తిగా వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా ఫోన్ అమ్మేస్తున్నాను. మామూలు సిమ్ అయితే ట్రే తీసి కార్డు నా దగ్గర పెట్టుకునేదాన్ని. ఇందులో ఉన్నది ఈసిమ్, తీయడానికి ఏమీ లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే చాలా? నా నంబరు కొన్నవాళ్ల చేతికి వెళ్లిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రీసెట్ ఒక్కటే చాలదు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈసిమ్ అనే మాట వెనక రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయని తెలుసుకోవాలి. ఒకటి, ఫోన్ మదర్‌బోర్డుకు అతికించి ఉన్న చిన్న చిప్. దానికి ఈఐడీ అనే 32 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది ఫోన్‌ది, మీది కాదు. ఫోన్ ఎవరి చేతికి వెళ్తే చిప్ కూడా వాళ్లతోనే వెళ్తుంది. రెండోది, ఆ చిప్‌లోకి మీ ఆపరేటర్ సర్వర్ నుంచి దిగిన ప్రొఫైల్. మీ నంబరును నెట్‌వర్క్ గుర్తుపట్టే వివరాలు, ఒక రహస్య తాళంచెవి అందులోనే ఉంటాయి. అది మీది. చిప్ పలక అనుకుంటే ప్రొఫైల్ దాని మీద రాత. పలక ఇచ్చేయవచ్చు, రాత మాత్రం చెరిపి ఇవ్వాలి.

రీసెట్ చేస్తే ఆ రాత పోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఫొటోలు, యాప్‌లు ఉండే స్టోరేజీ వేరు, ఈసిమ్ చిప్‌లోని మెమరీ వేరు. ఫోన్ తయారు చేసినవాళ్లు కావాలనే ఇలా పెట్టారు. ఫోన్ నెమ్మదించిందని రీసెట్ చేసుకున్నవాళ్లకు దాంతోపాటు నంబరు కూడా పోతే కష్టం. అందుకే రీసెట్ చేసేటప్పుడు ఈసిమ్ ఉంచాలా, తీసేయాలా అని ఫోన్ విడిగా అడుగుతుంది. ఐఫోన్‌లో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ నొక్కాక ఈ ప్రశ్న వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రీసెట్ పేజీలోనే ఈసిమ్‌లు కూడా తొలగించాలా అనే చిన్న గడి కనిపిస్తుంది. హడావిడిలో ఆ గడిని చూడకుండా ముందుకు వెళ్లిపోతే ఫోన్ కొత్తదానిలా తయారవుతుంది గానీ, మీ ప్రొఫైల్ అందులోనే ఉండిపోవచ్చు.

మీ విషయంలో అన్నింటికంటే ముఖ్యమైనది వరుస. ముందు నంబరును కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి, ఆ తర్వాతే పాత ఫోన్ జోలికి వెళ్లండి. కొత్త ఫోన్ నుంచి ఒక కాల్ చేయండి, ఒక కాల్ అందుకోండి, ఏదైనా బ్యాంకు యాప్ నుంచి ఓటీపీ తెప్పించుకుని చూడండి. ఈ మూడూ జరిగాక పాత ఫోన్‌లో సిమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ప్రొఫైల్‌ను డిలీట్ చేయండి. నంబరు కొత్త ఫోన్‌కు మారగానే పాత ప్రొఫైల్ మామూలుగా పనిచేయడం మానేస్తుంది, కానీ పేరు మాత్రం జాబితాలో కనిపిస్తూనే ఉండవచ్చు. దాన్నీ తీసేయండి. డిలీట్ చేసేటప్పుడు వైఫై ఆన్‌లో ఉంచండి. ఈ చిప్‌లో ఆ ప్రొఫైల్ ఇక లేదన్న కబురు ఆపరేటర్ సర్వర్‌కు ఇంటర్నెట్ ద్వారానే వెళ్తుంది. తర్వాత గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయి, చివర్లో రీసెట్ చేయండి. అప్పుడు కూడా ఈసిమ్ తొలగించాలా అని అడిగితే తొలగించమనే చెప్పండి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయాలు రెండున్నాయి. సెట్టింగ్స్‌లో ఈసిమ్‌ను ఆఫ్ చేయడమంటే డిలీట్ చేయడం కాదు. అది నిద్రపోతుందంతే, ఎవరు ఆన్ చేసినా మళ్లీ లేస్తుంది. అలాగే డిలీట్ చేసినంత మాత్రాన కనెక్షన్ రద్దయిపోదు. పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ఉంటే బిల్లు వస్తూనే ఉంటుంది. నంబరే అక్కర్లేదనుకుంటే ఆ మాట ఆపరేటర్‌కు విడిగా చెప్పాలి.

ప్రశ్న: మీరు చెప్పే జాగ్రత్తలు నాకు ముందు తెలియవు. పాత ఫోన్‌లో ఈసిమ్ డిలీట్ చేసి, రీసెట్ చేసి అమ్మేశాను. మొదట్లో వచ్చిన క్యూఆర్ కోడ్ ఈమెయిల్‌లో ఉంది కదా, దాన్నే కొత్త ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోతుందనుకున్నాను. ఈ కోడ్ ఇప్పటికే వాడేశారు అంటోంది. ఆపరేటర్ యాప్‌లోకి వెళ్దామంటే ఆ నంబరుకే ఓటీపీ పంపిస్తానంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ కష్టం అర్థమైంది. తలుపు లోపలే తాళంచెవి ఉండిపోయినట్టయింది. కానీ నంబరు ఎక్కడికీ పోలేదు, నిశ్చింతగా ఉండండి. అది ఆపరేటర్ రికార్డుల్లో మీ పేరు మీదే ఉంది. పోయింది చిప్‌లోని ప్రొఫైల్ మాత్రమే.

క్యూఆర్ కోడ్ ఎందుకు పనిచేయలేదో చెబుతాను. అందులో మీ సిమ్ ఉండదు. ఆపరేటర్ సర్వర్ చిరునామా, అక్కడ మీ కోసం ఉంచిన ప్రొఫైల్‌ను అడిగి తెచ్చుకునే ఒక కోడ్ మాత్రమే ఉంటాయి. ఒక చిప్‌లోకి ప్రొఫైల్ దిగగానే సర్వర్ దాన్ని ఆ ఈఐడీకి కట్టేస్తుంది. ఒక ప్రొఫైల్ ఒకేసారి రెండు చిప్‌లలో ఉండకూడదన్నది ఈసిమ్ వ్యవస్థకు పునాది. ఆ కట్టుబాటే లేకపోతే మీ నంబరుకు ఎవరైనా నకలు తీయగలరు. డిలీట్ చేశాక అదే ఫోన్‌లోకి మళ్లీ దింపుకోనిచ్చే ఆపరేటర్లు కొందరున్నారు. వేరే ఫోన్‌లోకైతే మామూలుగా కొత్త కోడ్ కావాల్సిందే.

కాబట్టి ఓటీపీ అవసరం లేని దారి వెతకాలి. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డుతో ఆపరేటర్ స్టోర్‌కు వెళ్లి, సిమ్ మార్పిడి కావాలని అడగండి. కొత్త ఫోన్ ఈఐడీ అడగవచ్చు. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే అది తెరమీద కనిపిస్తుంది. కొందరు ఆపరేటర్లు ముందుగా నమోదైన ఈమెయిల్ ద్వారా కూడా ఈ పని చేస్తారు, స్టోర్ దూరమైతే కస్టమర్ కేర్‌ను అది అడిగి చూడండి. వెంటనే ఈసిమ్ ఇవ్వలేమంటే మామూలు సిమ్ కార్డు తీసుకోండి. నంబరు చేతికొచ్చాక తీరిగ్గా ఈసిమ్‌లోకి మార్చుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సిమ్ మారిన తర్వాత మోసాలను అడ్డుకోవడానికి కొన్ని చోట్ల 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు ఆపి ఉంచుతారు. ఆ వ్యవధిలో ఓటీపీ రాలేదని కంగారు పడకండి, అత్యవసరమైన చెల్లింపులు పెట్టుకోకండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో మంచి ఫోన్ దొరికింది. ఈసిమ్ ఉందని అమ్మేవాళ్లు అంటున్నారు. డబ్బులు ఇచ్చే ముందు ఏమేం చూడాలి? పాత ఓనరు వాడిన చిప్‌లో నా నంబరు పడుతుందా?

జవాబు: తప్పకుండా పడుతుంది. ఆ చిప్ ఏ మనిషికీ శాశ్వతంగా కట్టుబడి ఉండదు. ఒక ప్రొఫైల్ తీసి ఇంకొకటి దింపుకోవడానికే దాన్ని తయారు చేశారు. ఈఐడీ మాత్రం ఎన్ని రీసెట్‌లు చేసినా మారదు. అది మారిందంటే మదర్‌బోర్డు మార్చారని అర్థం.

ఫోన్ చేతిలోకి తీసుకోగానే *#06# కొట్టండి. ప్రతి ఫోన్‌ను నెట్‌వర్క్ గుర్తుపట్టే ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ కనిపిస్తే చిప్ ఉన్నట్టే. తర్వాత సెట్టింగ్స్‌లో ఈసిమ్ జోడించే ఆప్షన్ ఉందో లేదో చూడండి. మోడల్ పేరు చూసి నమ్మకండి. పేరు ఒకటే అయినా ఏ దేశం కోసం తయారైందన్న దాన్ని బట్టి లోపలి ఏర్పాట్లు మారిపోతాయి. చైనా మార్కెట్ కోసం చేసిన ఐఫోన్లలో చాలా ఏళ్లపాటు ఈసిమ్ లేదు, వాటిలో మామూలు సిమ్‌లే వేసుకోవాలి. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లకు అసలు సిమ్ ట్రేనే లేదు, మొత్తం ఈసిమ్ మీదే నడవాలి. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్‌కు ఏ దేశంలోనూ ట్రే లేదు. ట్రే లేని ఫోన్ కొనే ముందు మీ ఆపరేటర్ ఈసిమ్ ఇస్తుందో లేదో కనుక్కోండి. ఇవ్వకపోతే ఎంత ఖరీదైన ఫోనైనా మీ చేతిలో వైఫై మీద నడిచే బొమ్మే.

నా దృష్టిలో అన్నింటికంటే ప్రమాదకరమైనది క్యారియర్ లాక్. వాయిదాల మీద ఫోన్లు ఇచ్చే ఆపరేటర్లు వాటిని తమ నెట్‌వర్క్‌కే తాళం వేసి ఉంచుతారు. ఈసిమ్‌కైతే ఆ తాళం వర్తించదని కొందరు అమ్మకందారులు చెబుతుంటారు, అది నిజం కాదు. తాళం ఫోన్‌కు వేస్తారు, సిమ్ ఏ రూపంలో ఉన్నా దానికి లోబడాల్సిందే. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. అక్కడ నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉండాలి. ఆండ్రాయిడ్ అయితే వేరే ఆపరేటర్ సిమ్ వేసి కాల్ చేసి చూడటం మేలు. ఐఎంఈఐ బ్లాక్‌లిస్టులో ఉందేమో కూడా తప్పకుండా చూడండి. ఈసిమ్ ఉన్న ఫోన్లలో మామూలుగా రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ పరీక్షించండి. దొంగిలించిన ఫోన్, లేదా వాయిదాలు ఎగ్గొట్టిన ఫోన్ ఈ రోజు పనిచేసినా వచ్చే నెల సిగ్నల్ పోవచ్చు.

ప్రశ్న: పాత ఫోన్ ఒకటి కొన్నాను. ఆన్ చేస్తే పాత ఓనరు ఈసిమ్ ఇంకా ఉంది. ఆయనకు రావాల్సిన మెసేజ్‌లు నాకు వస్తున్నాయి. డిలీట్ చేసేయనా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. వెంటనే డిలీట్ చేయకండి. ఆ ఈసిమ్‌ను ఆఫ్ చేసి, వచ్చిన మెసేజ్‌లు తెరవకుండా, ఫోన్ అమ్మినవారికి కబురు చేయండి. ఆయన బహుశా తన నంబరు ఎందుకు పనిచేయడం లేదో తెలియక తిరుగుతూ ఉంటారు. దగ్గర్లో ఉంటే ఆ ఫోన్‌తోనే నంబరును తన కొత్త ఫోన్‌కు మార్చుకోగలరు, అదే అందరికీ సులువు. దూరంలో ఉంటే ఆపరేటర్ దగ్గర సిమ్ మార్పిడి చేయించుకోమనండి. కొత్తది మొదలవగానే మీ ఫోన్‌లోనిది దానంతటదే చచ్చుబడుతుంది, అప్పుడు తీసేయండి. ఆయన ఎంతకీ దొరకకపోతే అప్పుడు డిలీట్ చేయడంలో తప్పు లేదు, నంబరు ఆపరేటర్ దగ్గర క్షేమంగానే ఉంటుంది.

ఫోన్ అమ్మేశాక ఇలా జరిగిందని గుర్తొచ్చినవాళ్లు మాత్రం కొన్నవారి మంచితనం మీద ఆధారపడకండి. అదే రోజు ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఆ సిమ్ ఆపించండి. ఓటీపీలు వేరేవాళ్ల తెరమీద పడుతున్నంతసేపూ మీ బ్యాంకు తలుపు సగం తెరిచి ఉన్నట్టే. వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోండి.

ప్రశ్న: ఫోన్ అమ్మకానికి పెట్టాను. కొంటానన్న ఒకాయన ఈఐడీ ఫొటో, ఈసిమ్ క్యూఆర్ కోడ్ పంపమంటున్నారు. ఫోన్ నిజమైనదో కాదో చూసుకోవడానికట. పంపవచ్చా?

జవాబు: క్యూఆర్ కోడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి. ఫోన్ నిజమైనదని తేల్చుకోవడానికి దాంతో ఏ పనీ లేదు. ఇంకా వాడని క్యూఆర్ కోడ్ అంటే చేతిలో ఉన్న కొత్త సిమ్ కార్డుతో సమానం, ముందు ఎవరు స్కాన్ చేస్తే నంబరు వాళ్లది. ఈఐడీ ఒక్కటి తెలిసినంత మాత్రాన మీ నంబరు ఎవరూ లాక్కోలేరు. అయినా దాన్ని, ఐఎంఈఐని ప్రకటనల్లో అందరికీ కనిపించేలా పెట్టకండి. నిజంగా కొనేవారు ఎదురుగా వచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని చూసుకుంటారు.

ఇదే మోసం ఇంకో వేషంలోనూ వస్తుంది. ఆపరేటర్ నుంచి మాట్లాడుతున్నామని, మీ సిమ్‌ను ఈసిమ్‌గా మారుస్తున్నామని చెప్పి ఓటీపీ అడుగుతారు. మీరు చెప్పగానే మీ నంబరు వాళ్ల ఫోన్‌లోని చిప్‌లోకి దిగుతుంది. మీరు అడగకుండానే ఈసిమ్ అభ్యర్థన అందిందని మెసేజ్ వచ్చినా, మంచి సిగ్నల్ ఉండే చోట ఉన్నట్టుండి నెట్‌వర్క్ పూర్తిగా పోయినా, వేరే ఫోన్ నుంచి వెంటనే ఆపరేటర్‌కు, ఆ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

ప్రశ్న: నా ఫోన్ నీళ్లలో పడి అసలు ఆన్ కావడం లేదు. స్పేర్ పార్టుల కోసం అడుగుతున్నారు. లోపల ఈసిమ్ ఉంది. ఇచ్చేయవచ్చా?

జవాబు: ముందు ఆపరేటర్ దగ్గర నంబరును వేరే సిమ్‌లోకి మార్పించుకోండి. ఆ క్షణం నుంచి పాత చిప్‌లోని తాళంచెవిని నెట్‌వర్క్ ఒప్పుకోదు, రేపు ఎవరైనా ఆ బోర్డును బాగుచేసి ఆన్ చేసినా మీ నంబరు పనిచేయదు. కానీ స్టోరేజీలోని ఫొటోలు, ఫైళ్ల సంగతి వేరు. వాటి గురించి దిగులుంటే మదర్‌బోర్డు మీ దగ్గర ఉంచుకుని, డిస్‌ప్లే, కెమెరాలు, మిగతా భాగాలు మాత్రమే అమ్మండి.