చకుల్స్ అంత్యక్రియల్లో మేరీ ఎందుకు నవ్వింది?

‘ద మేరీ టైలర్ మూర్ షో’ అనే అమెరికన్ హాస్య ధారావాహికలోని ‘చకుల్స్ బైట్స్ ద డస్ట్’ ఎపిసోడ్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒక జోకర్ చనిపోతే సహోద్యోగులు ఆ చావు మీద హాస్యాలాడటమే కథ అని విన్నాను. ఇందులో అంత గొప్పదనం ఏముంది? చూడనివారి కోసం కథ కూడా కాస్త చెప్పగలరు.

జవాబు: కథ చిన్నదే. మిన్నియాపాలిస్ నగరంలోని డబ్ల్యూజేఎం అనే కల్పిత టీవీ కేంద్రంలో వార్తలు చదివే టెడ్ బాక్స్టర్‌ను, సర్కస్ ఊరేగింపుకు ముందు నడవమని ఆహ్వానిస్తారు. వార్తలు చదివే మనిషి జంతువులతో కలిసి ఊరేగితే పరువు పోతుందని పై అధికారి లూ గ్రాంట్ వీల్లేదంటాడు. ఆ ముచ్చట అదే కేంద్రంలో పిల్లల కార్యక్రమం నడిపే జోకర్ చకుల్స్‌కు దక్కుతుంది. వేరుశనగకాయ వేషం వేసుకుని వెళ్ళిన అతణ్ణి ఒక ఏనుగు నిజమైన కాయే అనుకుని ఒలవబోతుంది. మనిషి పోతాడు.

రచయిత డేవిడ్ లాయిడ్ ఊరేగింపును గానీ ఏనుగును గానీ మనకు చూపించలేదు. లూ వచ్చి జరిగిందేమిటో నోటితో చెబుతాడు, అంతే. కళ్ళారా చూసి ఉంటే మనకది ఘోర ప్రమాదంగానే మిగిలేది. చెవులతో వింటున్నాం కాబట్టి, చెప్పేవాడి గొంతులోని దిగ్భ్రాంతీ, చెబుతున్న సంగతిలోని వింతా ఒకదానితో ఒకటి ఢీకొని, నవ్వవచ్చో కూడదో తేల్చుకోలేని స్థితిలో మనల్ని పడేస్తాయి. కాసేపటికి వార్తలు రాసే మర్రే మొదలుపెడతాడు. ఏనుగు ఇంకెవరి జోలికీ పోకపోవడం అదృష్టమని లూ అంటే, నిజమే, ఒక్క వేరుశనగకాయతో ఆపడం ఎవరి తరం అన్న అర్థంలో మర్రే అందుకుంటాడు. ఆఫీసంతా నవ్వుల్లో పడుతుంది. ధారావాహిక నాయిక, వాళ్ళతోపాటే వార్తా విభాగంలో పనిచేసే మేరీ రిచర్డ్స్ ఒక్కతే నవ్వకుండా, పోయినవాడు మన తోటి మనిషని అందరినీ మందలిస్తుంది. తీరా అంత్యక్రియల రోజున అందరూ బుద్ధిగా తలలు వంచుకుని కూర్చుంటే, నవ్వు ఆపుకోలేకపోయేది ఆమే.

ప్రశ్న: మేరీ చెప్పింది సబబే కదా. వెటకారాలు చేసినవాళ్ళకు ఏమీ కాకుండా, మర్యాద పాటించిన ఆమే పదిమందిలో తలదించుకోవలసి రావడం నాకు అన్యాయమనిపించింది. మర్యాదస్తులను వెక్కిరించడమేనా రచయిత ఉద్దేశం?

జవాబు: ఆమె మాట సబబేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే మిగిలినవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో కూడా గమనించాలి. తాను అడ్డుపడకపోతే ఆ ఊరేగింపులో టెడ్ ఉండేవాడని లూకు తెలుసు, టెడ్‌కు అంతకన్నా బాగా తెలుసు. చివరికి నవ్వేది చావేనని తెలిసి, భయంతోనే మనం ముందుగా దాన్ని చూసి నవ్వుతామని లూ మేరీకి వివరించబోతాడు కూడా. ఆమె ఒప్పుకోదు. నా దృష్టిలో మలుపు ఇక్కడే ఉంది. ఆఫీసులో మర్రే మాటలకు పగలబడినవాళ్ళ నవ్వు అంత్యక్రియల నాటికి ఖర్చైపోయింది. మేరీ తన నవ్వును పైసా ఖర్చు చేయకుండా లోపలే దాచుకుని ప్రార్థనామందిరానికి తెచ్చుకుంది.

అక్కడ ఆమెను నవ్వించేవాడు ఎవరనుకున్నారు? మర్రే పెదవి విప్పడు. సంతాప ప్రసంగం చేస్తున్న పాస్టరే ఆ పని చేస్తాడు, అదీ తనకు తెలియకుండా. చకుల్స్ వేసిన వేషాల పేర్లు ఆయన ఒక్కొక్కటిగా ఎంతో గౌరవంతో తలుచుకుంటాడు. వాటిలో ఒక వేషం కిందపడ్డ ప్రతిసారీ లేచి, దుమ్ము దులుపుకుని, దెబ్బ తగిలిందని పసిపిల్లల మాటల్లో చెప్పుకునేదట. జీవితంలో మనమందరమూ అలాగే పడి లేస్తుంటామని ఆయన దానికి తాత్పర్యం చెబుతాడు. చివర్లో పాట, ఆట, పంట్లాంలోకి చిమ్మే సోడా కలగలిసిన ఆ జోకర్ నినాదాన్ని కూడా అంతే గంభీరంగా పలుకుతాడు. ఆ ప్రసంగంలో ఒక్క మాట కూడా హాస్యం కోసం చెప్పినది లేదు. పిల్లల కార్యక్రమంలో నప్పే మాటలను శవపేటిక పక్కన నిలబడి ఉచ్చరిస్తున్నాడు, అంతే. మేరీ దగ్గుతున్నట్టు నటిస్తుంది, ముఖం దాచుకుంటుంది, పెదవులు బిగబడుతుంది. మిగిలినవాళ్ళు తిరిగి ఆమెను చూసే చూపుల్లో, మొన్న మమ్మల్ని మందలించింది నువ్వే కదా అన్న ప్రశ్న ఉంటుంది.

రచయిత ఆమెను అక్కడితో వదిలేసి ఉంటే మీ ఆరోపణ నిలిచేది. పాస్టర్ ఆమెను లేచి నిలబడమంటాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ లేస్తుంది. ఆయన కోప్పడడు. నవ్వమ్మా, జనాన్ని నవ్వించడానికే బతికిన మనిషికి ఇంతకంటే సంతోషం ఉండదు, అతనికి ఏడుపంటే గిట్టేది కాదు అంటాడు. పూర్తి అనుమతి దొరికిన ఆ క్షణంలోనే మేరీ భోరుమంటుంది. ఆఫీసులో ఎవరికీ రాని ఏడుపు అది. కాబట్టి వెక్కిరింతకు గురైంది ఆమె మర్యాద అని నేననుకోను.

ప్రశ్న: దీన్ని తీసినవారి వివరాలు, వచ్చిన పురస్కారాలు తెలుపగలరా?

జవాబు: ధారావాహిక 1970 నుంచి 1977 వరకు సీబీఎస్ అనే అమెరికన్ టీవీ నెట్‌వర్క్‌లో ప్రసారమైంది. జేమ్స్ ఎల్. బ్రూక్స్, అలన్ బర్న్స్ సృష్టికర్తలు. ఈ ఎపిసోడ్ ఆరో సీజన్‌లోది, 1975 అక్టోబర్ 25న వచ్చింది. చాలా ఎపిసోడ్లకు జే శాండ్రిచ్ దర్శకుడు కాగా దీనికి మాత్రం జోన్ డార్లింగ్ అనే మహిళ దర్శకత్వం వహించారు. రచనకు డేవిడ్ లాయిడ్‌కు 1976లో అమెరికన్ టీవీ పురస్కారం ఎమ్మీ వచ్చింది, దర్శకత్వానికి డార్లింగ్ పేరు నామినేషన్లలో నిలిచింది. 1997లో ‘టీవీ గైడ్’ పత్రిక వేసిన వంద గొప్ప ఎపిసోడ్ల జాబితాలో దీనికి మొదటి స్థానం ఇచ్చారు. పేరు విషయానికొస్తే, ‘బైట్స్ ద డస్ట్’ అంటే మట్టి కరవడం. అది మనకు ఓడిపోవడం, ఇంగ్లీషులో చచ్చిపోవడం కూడా.

ప్రశ్న: నేపథ్యంలో నవ్వులు వినిపించే ధారావాహికలంటే నాకు చిరాకు. ఎక్కడ నవ్వాలో మనకు తెలియదా? ఇంత సున్నితమైన సన్నివేశంలో కూడా ఆ నవ్వులు అవసరమా?

జవాబు: మీ చిరాకు చాలా ధారావాహికల విషయంలో న్యాయమైనదే. దీన్ని మాత్రం స్టూడియోలో ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని చిత్రీకరించేవారు. పైగా ఈ సన్నివేశంలో ఆ నవ్వులకు కథలోనే ఒక పని ఉంది. ప్రార్థనామందిరంలో నవ్వడం నిషేధం, స్టూడియోలో నిషేధం లేదు. మేరీ బిగబట్టుకున్న ప్రతి నవ్వునూ ఆమె బదులు ప్రేక్షకులు బయటికి వదిలేస్తుంటారు, అందువల్ల ఆమె అవస్థ రెట్టింపవుతుంది. శబ్దం తీసేసి ఒకసారి చూడండి, ఒక స్త్రీ ఏదో జబ్బుతో బాధపడుతున్నట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: సహోద్యోగి అంత్యక్రియల్లో నాకూ ఇలాగే నవ్వొచ్చింది. అతనంటే నాకు ఎంతో ఇష్టం. ఇది చూశాక కాస్త ఊరట కలిగింది గానీ, మేరీకి నిజంగా చకుల్స్ అంటే అంత ప్రేమ ఉందా అన్న అనుమానం మిగిలింది.

జవాబు: ఉన్నట్టు ధారావాహికలో పెద్దగా ఆధారాలు లేవు. చకుల్స్ తెర మీద కనిపించిందే బహు తక్కువ. ఒకే కప్పు కింద పనిచేసినా రోజూ పలకరించుకోని మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, మేరీకి అతను అలాంటివాడే. మీకు మాత్రం ఆ సహోద్యోగి అంటే ఇష్టం కాబట్టి, మీ నవ్వు వెనుక ఆమెకున్నదానికంటే ఎక్కువే ఉంది. ఇంటికి వచ్చాక ఏడ్చారో లేదో మీరు రాయలేదు.