బాప్తిస్మం తీసుకోనివాళ్లు ప్రభువు బల్లలో (యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారంలో) పాలుపొందవచ్చా?

ప్రగతిశీల క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల పొందవచ్చు, బాప్తిస్మమూ సభ్యత్వమూ అడగరు. బల్లకు పిలిచేది యేసే తప్ప సంఘం కాదని వాళ్ల నమ్మకం. సువార్తల్లో ఆయన, అప్పట్లో పాపులుగా చూసిన సుంకరులతో (పన్నులు వసూలుచేసేవాళ్లతో) కలిసి భోంచేశాడు, ముందుగా అర్హత చూడలేదు.

ఉదాహరణకు, 1968లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ట్రాయ్ పెర్రీ మొదలుపెట్టిన మెట్రోపాలిటన్ కమ్యూనిటీ చర్చి. చర్చిలు వెలివేసిన స్వలింగ సంపర్కుల కోసం పుట్టిన సంఘమది, బల్ల దగ్గర కాపలా ఎలా పెడుతుంది? కొద్దిమందే ఉండే ఆరాధనల్లో తరచూ ఒకే రొట్టెను తుంచి చేతిలో పెడతారు, దాన్ని ద్రాక్షరసంలో ముంచుకుని తింటారు.

అందరినీ పిలిచారంటే అందరూ తీసుకుతీరాలని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. కూర్చున్నచోటే ఉండిపోయినా ఎవరూ ఏమీ అనరు. బాప్తిస్మాన్ని ఎత్తేశారనుకోవడమూ పొరపాటే.