ఒక్కో ర్యామ్ స్టిక్ విడిగా పనిచేస్తుంది, రెండూ కలిపితే సినిమా మధ్యలో ఆగిపోతుంది: ఏది పాడైనట్టు?

రెండిట్లో ఏదీ పాడవలేదన్నదే నా అంచనా. వెనక్కి పంపే ముందు ఒక్క సాయంత్రం ఆగండి.

మీరు చెప్పింది ఇదీ: టీవీ కింద పెట్టుకున్న చిన్న పీసీ, రైజెన్ 5 2400జీ ప్రాసెసర్, రెండే స్లాట్లున్న మినీ ఐటీఎక్స్ బోర్డు. పాత 8 జీబీ డీడీఆర్4-3200 స్టిక్‌కు తోడుగా అదే కంపెనీ, అదే మోడల్ ఇంకొకటి కొన్నారు. ఏది ఒంటరిగా పెట్టినా బాగుంది. రెండూ పెడితే ఒక్కోసారి స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. ఆన్ అయినా, సినిమా గంట దాటాక బొమ్మ నిలిచిపోయి స్పీకర్లు గర్రుమంటాయి. స్లీప్‌లో పెడితే మళ్లీ లేవదు. ఈ మూడూ కలిసి వచ్చాయంటే ముందుగా అనుమానించాల్సింది చిప్పుల్ని కాదు, బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఆన్ చేసి ఉన్న ఎక్స్‌ఎంపీని, అంటే ర్యామ్‌ను లేబుల్ మీది వేగానికి పెంచే సెట్టింగును. మీ బోర్డులో దాని పేరు డీఓసీపీ అనో ఏ-ఎక్స్‌ఎంపీ అనో ఉండొచ్చు, పని ఒకటే.

స్టిక్ మీద పెద్ద అక్షరాలతో వేసే 3200 చాలా స్టిక్కుల్లో ఓవర్‌క్లాక్ వేగం, అంటే మామూలు సెట్టింగులను మించి నడిపే వేగం. ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే అవి 2133, 2400, 2666లలో ఏదో ఒకదానితో మొదలవుతాయి. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ ప్రకటించిన గరిష్ఠ మెమరీ వేగమే 2933. అంటే 3200 దగ్గర నడపడం, ప్రాసెసర్‌లో ఉండి ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్‌ను దాని హద్దు దాటించడమే. ఒక స్టిక్ ఉన్నప్పుడు ఆ బరువు మోస్తుంది. రెండోది కలిసేసరికి, అందులోనూ దాని చిప్పులు వేరే రకమైతే, మోయలేకపోతుంది.

అదే మోడల్ కదా, చిప్పులు వేరే ఎందుకుంటాయని అడుగుతారేమో. ఉంటాయి. ర్యామ్ అమ్మే కంపెనీల్లో చాలావరకు చిప్పులు తయారు చేయవు. శామ్‌సంగ్, మైక్రాన్, ఎస్‌కే హైనిక్స్ లాంటివాళ్ల దగ్గర కొని పలక మీద అతికిస్తాయి. మోడల్ నంబరు మార్చకుండానే లోపలి చిప్పు మారిపోతుంది. లేబుల్ చివర చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు ఉంటే చూడండి, రెండిటి మీదా ఒకటే లేకపోతే లోపల వేరువేరని అనుకోవచ్చు. విండోస్‌లో సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి, స్టిక్ వివరాలు చూపే ఎస్‌పీడీ ట్యాబ్‌లో రెండు స్లాట్లనూ పక్కపక్కన పోల్చండి. లినక్స్ అయితే డీఎంఐడీకోడ్ కమాండ్ చాలావరకు చెబుతుంది.

అక్కడ ముఖ్యంగా చూడాల్సింది ర్యాంకు, అంటే కంట్రోలర్ ఒకేసారి వాడుకునే చిప్పుల గుంపులు స్టిక్ మీద ఎన్నున్నాయన్నది. లేబుల్ మీద 1ఆర్ఎక్స్8, 2ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అని రాసి ఉండొచ్చు, ఆర్ ముందున్న అంకే ర్యాంకు. 8 జీబీ డీడీఆర్4 స్టిక్ మీద 8 చిప్పులుంటే సింగిల్ ర్యాంకు, ఎక్కువగా కనిపించేది ఇదే. 16 చిప్పులుంటే డ్యుయల్ ర్యాంకు, కంట్రోలర్ మీద భారం ఎక్కువ, అందుకునే వేగం తక్కువ. నాలుగే చిప్పులుంటే 1ఆర్ఎక్స్16 రకం, లోపల బ్యాంకులు (డేటా దాచే విభాగాలు) సగమే ఉంటాయి కాబట్టి కాస్త నెమ్మది. ఇవి కలగలిపితే పనిచేయవని కాదు, పనిచేస్తాయి, కానీ లేబుల్ మీది వేగం అందకపోవచ్చు. ఈ వివరం చాలా అమ్మకం పేజీల్లో కనపడనివ్వరు. రంగుల లైట్ల గురించి పది వాక్యాలు, అన్ని బోర్డులకూ సరిపోతుందని ఒక హామీ, ర్యాంకు గురించి ఒక్క ముక్క ఉండదు. కొనేవాడికి కావాల్సింది సరిగ్గా అదే.

ఇక పని మొదలుపెట్టండి. పవర్ సప్లై స్విచ్ ఆపి, తీగ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. మాన్యువల్ చూసి బయోస్ సెట్టింగులను చెరిపేసే సీమాస్ క్లియర్ జంపర్ (బోర్డు మీది రెండు చిన్న పిన్నులు) కలపండి. జంపర్ లేకపోతే సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటకు తీసి ఉంచండి. ఇప్పుడు రెండు స్టిక్కులూ పెట్టి ఆన్ చేసి, బయోస్‌లో డీఫాల్ట్ సెట్టింగులు లోడ్ చేయండి. ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో ఉందనీ, వేగం 2133 నుంచి 2666 మధ్య ఉందనీ మీ కళ్లతో చూసుకోండి. మొదటిసారి మెమరీ ట్రైనింగ్ (కంట్రోలర్ స్టిక్కులకు తగ్గట్టు టైమింగులు సర్దుకోవడం) వల్ల స్క్రీన్ రావడానికి ఆలస్యం కావచ్చు. ఆన్ అయి తనంతట తానే ఆగి మళ్లీ ఆన్ కావడం కూడా అందులో భాగమే, కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

డీఫాల్ట్ వేగంలో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను యూఎస్‌బీ నుంచి నడిపి కనీసం నాలుగు పాస్‌లు (పూర్తి రౌండ్లు) పూర్తికానివ్వండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఫెయిలే, రెండే ఎర్రర్లు కదా అని వదిలేయకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీది విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పీసీ. గ్రాఫిక్స్ కోసం కొంత ర్యామ్‌ను బయోస్ ముందే పక్కన పెట్టేస్తుంది, ఆ భాగం మెమ్‌టెస్ట్‌కు కనపడదు. అందుకే పరీక్షకు ముందు బయోస్‌లో ఆ భాగాన్ని నిర్ణయించే యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజును ఉన్నవాటిలో అతి తక్కువకు దించండి. అది 2 జీబీ దగ్గర ఉండిపోతే 2 జీబీ పరీక్ష లేకుండానే పాసైపోయినట్టు లెక్క.

డీఫాల్ట్‌లో పాసైతే స్టిక్కులు బాగున్నట్టే, గొడవంతా వేగానిది. ఫెయిలైతే అప్పుడు విడదీయండి: మొదటి స్టిక్ మొదటి స్లాట్లో, అదే స్టిక్ రెండో స్లాట్లో, తర్వాత రెండో స్టిక్‌తో అదే వరుస. తప్పు స్టిక్ వెంట వెళ్తే స్టిక్ పాడైంది, మార్పించుకోండి. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్ దగ్గర తప్పు వస్తే స్టిక్కులను వదిలి ప్రాసెసర్ వైపు చూడండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఒకటి వంగినా ఒక ఛానల్ (ప్రాసెసర్‌కూ ఒక స్లాట్‌కూ మధ్య దారి) మాయమవుతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. కూలర్ స్క్రూలు ఒక పక్క మరీ బిగించినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇలాంటి పీసీల్లో పొట్టి కూలర్ అంచు ర్యామ్‌ను పక్కకు నొక్కడం కూడా మామూలే. డీడీఆర్4 స్టిక్ ఎత్తు ప్రమాణం ప్రకారం 31.25 మిల్లీమీటర్లు, దాని మీద రేకు కిరీటం తొడిగినవి ఇంకా ఎత్తుంటాయి. బిగువు కేసుకు రేకు లేని మామూలు పచ్చ పలకే మేలు.

స్లాట్ మారుస్తున్నప్పుడు ఎవరో ఒకరు రబ్బరుతో కాంటాక్టులు రుద్దమని చెబుతారు. రుద్దకండి. అక్కడున్నది పల్చటి బంగారు పూత, రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొడి స్లాట్లోకి రాలుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పోగులు రాలని బట్ట మీద వేసి ఒకే దిశలో తుడిచి, ఆరాక పెట్టండి. తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం వల్ల తగ్గిన సమస్యలకు కూడా రబ్బరుకే పేరొచ్చింది.

బయోస్ పాతదైతే అప్‌డేట్ చేయండి. మొదటి తరం రైజెన్ల మెమరీ కష్టాల్లో చాలా భాగం 2017లో వచ్చిన అజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.0.0.6తోనే తగ్గాయి, తర్వాతి వెర్షన్లు ఇంకా మెరుగుపరిచాయి. ఒక్క జాగ్రత్త: అప్‌డేట్‌ను ఒకే స్టిక్‌తో, డీఫాల్ట్ వేగంలోనే చేయండి. ర్యామ్ తడబడుతుండగా బయోస్ రాస్తే బోర్డే లేవకుండా పోవచ్చు.

ఇప్పుడు వేగం పెంచుదామా? నన్నడిగితే టీవీ పీసీలో అక్కర్లేదు. లెక్క చూడండి. 4కే 10 బిట్ వీడియోలో ఒక ఫ్రేమ్ మెమరీలో సుమారు 25 ఎంబీ. సెకనుకు 60 ఫ్రేములైతే 1.5 జీబీ. డీకోడర్ రాయడం, పాత ఫ్రేముల్ని తిరిగి చదవడం, సైజు మార్చడం, హెచ్‌డీఆర్ రంగులు సర్దడం, టీవీకి పంపడం, అన్నీ కలిపి దానికి ఆరేడు రెట్లు వేసుకున్నా సెకనుకు 10 జీబీ చుట్టూ తిరుగుతుంది. రెండు స్టిక్కులు 2400 దగ్గర నడిస్తే సెకనుకు 38.4 జీబీ దొరుకుతుంది. మీ ఒంటరి స్టిక్ 3200 దగ్గర ఇచ్చేది 25.6 మాత్రమే. అంటే నెమ్మదిగా నడిచే జత, వేగంగా నడిచే ఒంటరి స్టిక్ కంటే ఎంతో మెరుగు. మీకు కావాల్సింది రెండు ఛానళ్లు, 3200 అన్న అంకె కాదు. ఆ పీసీ మీద ఆటలు కూడా ఆడతారంటే అది వేరే మాట, అక్కడ వేగం నిజంగానే పనికొస్తుంది.

అయినా పెంచాలనుకుంటే ఎక్స్‌ఎంపీ జోలికి పోకుండా చేత్తో పెట్టండి: 2400, 2666, చివరికి 2933. వోల్టేజీ 1.35, కమాండ్ రేటు 2టీ, లేదా గియర్‌డౌన్ మోడ్ ఆన్ (రెండూ కంట్రోలర్‌కు కాస్త తీరికనిచ్చేవే). సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్ఏఎస్ అనే టైమింగు అంకెలు (ర్యామ్ ఒక్కో పనికి ఎంత ఆగాలో చెప్పేవి) రెండు స్టిక్కుల్లో ఏది నెమ్మదో దానివే రెండిటికీ పెట్టండి. ప్రతి మెట్టు దగ్గరా మెమ్‌టెస్ట్ మళ్లీ నడపాలి. ఏ మెట్టులో ఎర్రర్ వచ్చిందో దాని కింది మెట్టుకు దిగి అక్కడే ఉండిపోండి.

మెమ్‌టెస్ట్ పాసైనంత మాత్రాన ఈ రకం పీసీకి సరిపోదు. గంట దాటాకే సినిమా ఎందుకు ఆగుతుందో గమనించండి. ట్రైనింగ్ జరిగేది ఆన్ చేసిన క్షణంలో, అప్పుడు అన్నీ చల్లగా ఉంటాయి. తలుపు మూసిన టీవీ అరలో గంట గడిచేసరికి చిప్పులు కాగుతాయి, చల్లగా ఉన్నప్పుడు అంతంత మాత్రంగా కుదిరిన టైమింగులు జారిపోతాయి. వేడెక్కిన కొద్దీ డీర్యామ్ సెల్స్‌లో చార్జ్ త్వరగా కారిపోతుంది. అందుకే 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ విరామాన్ని 7.8 మైక్రోసెకన్ల నుంచి 3.9కి, అంటే సగానికి, తగ్గించాలని ప్రమాణంలోనే ఉంది. కాబట్టి పీసీని బల్ల మీద కేసు విప్పి పరీక్షించి సరే అనుకోకండి. అది రోజూ ఉండే అరలోనే పెట్టి, తలుపు మూసి, 4కే వీడియో మూడు గంటలు ఆడనిచ్చి, ఆపిన వెంటనే మెమ్‌టెస్ట్ పెట్టండి.

స్లీప్‌ను కూడా విడిగా పరీక్షించాలి. స్లీప్‌లో స్టిక్కులు తమను తామే రిఫ్రెష్ చేసుకుంటూ ఉంటాయి, కంట్రోలర్‌కు కరెంటు ఉండదు. లేచేటప్పుడు కొత్తగా ట్రైనింగ్ చేసే తీరిక లేక, దాచుకున్న పాత విలువలనే వాడుకుంటుంది. అంతంత మాత్రపు సెట్టింగు ముందుగా బయటపడేది ఇక్కడే. వేడిగా ఉన్నప్పుడూ, రాత్రంతా ఉంచి పొద్దున్నా లేపి చూడండి, వరుసగా పదిసార్లు లేస్తేనే నమ్మండి. లేవకపోతే బయోస్‌లో మెమరీ ఫాస్ట్ బూట్ లాంటిది ఉంటే ఆపి, వేగం ఒక మెట్టు దించండి.

స్క్రీన్ మీద చుక్కలు, గీతలు వస్తుంటే అవి ర్యామ్ వల్ల కావచ్చు, హెచ్‌డీఎంఐ కేబుల్ వల్లా కావచ్చు. తేల్చుకోవడం తేలిక. ఆ క్షణంలో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. చుక్కలు అందులో కూడా ఉంటే గ్రాఫిక్స్ లేదా మెమరీ తప్పు. టీవీలో కనిపించి స్క్రీన్‌షాట్‌లో లేకపోతే కేబులే, 4కే 60 హెచ్‌డీఆర్‌కు 18 గిగాబిట్ల కేబుల్ కావాలి.

పాత పీసీతో ఇదే బాధ పడేవాళ్ల కోసం డీడీఆర్3 సంగతీ చెబుతాను, ఎందుకంటే అక్కడ నిజంగానే అస్సలు పనిచేయని స్టిక్కులుంటాయి. ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్, హాస్వెల్ ప్రాసెసర్లకు 4 గిగాబిట్ల వరకు ఉన్న చిప్పులే తెలుసు. 8 జీబీ స్టిక్ మీద 16 చిప్పులుండాలి, ఎనిమిదే ఉంటే అవి 8 గిగాబిట్ చిప్పులు, పీసీ ఆన్ కాదు. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని అమ్మే చౌక డీడీఆర్3 స్టిక్కుల్లో ఎక్స్4 చిప్పులు (ఒక్కోటి ఒకసారికి 4 బిట్లే అందించేవి) వాడతారు, ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులో అవి లేవవు. జే1900 లాంటి ప్రాసెసర్లున్న చిన్న పెట్టెలకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పనికిరాదు, పరిమితి 8 జీబీ. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ ఎంత చౌకగా దొరికినా మామూలు బోర్డులో పనిచేయదు.

ఇక మీ కొత్త స్టిక్ సంగతి. డీఫాల్ట్‌లో పాసైతే ఉంచేసుకోండి. డీఫాల్ట్‌లోనే జత కుదరక వెనక్కి పంపాల్సి వస్తే, మళ్లీ ఒక్కటే కొనకండి, ఒకే పెట్టెలో వచ్చే రెండు స్టిక్కుల కిట్ కొనండి, అవి కలిపి పరీక్షించినవి. లేబుల్ మీద 1.2 వోల్టులు, సీఎల్22 అని ఉన్న 3200 కిట్ అయితే అది ప్రమాణ వేగమే, ఎక్స్‌ఎంపీ లేకుండానే నడుస్తుంది, మీ ప్రాసెసర్ దాన్ని 2933కు దించుకుంటుంది. 1.35 వోల్టులు, సీఎల్16 అని ఉంటే మళ్లీ ఓవర్‌క్లాక్ స్టిక్కే.