పికప్‌లో డీఐ ఇంజిన్ పెడతానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

పాత మహీంద్రా పికప్‌లో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్ దించేసి, 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) ఎక్కిస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసింది. నన్ను వద్దని చెప్పమనే చేసిందిలే. నేను చెప్పను. మన ఇళ్లల్లో పానా పట్టిన పిల్లవి నువ్వొక్కదానివే, నాకు గర్వంగానే ఉంది. కానీ పని అవగానే సరుకు వేసుకుని అరకు ఎక్కుతానన్నావట చూడు, నా భయమంతా అక్కడే.

ముందు కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదంది. ఇంజిన్ కొనకముందే మాధవధార ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. కాదంటే ఎక్స్‌డీపీనే బోరింగ్ చేయించి వాడుకో. ఆర్సీలో ఒక నంబరు, బ్లాకు మీద ఇంకో నంబరు ఉంటే యాక్సిడెంటు రోజున ఇన్సూరెన్సువాళ్లు నీ మొహం చూడరు.

ఆటోనగర్‌లో ఇంజిన్ కొనేటప్పుడు బిల్లు, అది వచ్చిన బండి ఆర్సీ నకలు లేకుండా డబ్బు తియ్యకు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ కొట్టించు. స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తీసి చూడు, పొగ బుస్సుమని తంతుంటే వదిలెయ్.

ఛాసిస్ సంగతి. ఆ బండి ఏళ్ల తరబడి ఫిషింగ్ హార్బరు నుంచి చేపలు మోసింది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బాడీ సందుల్లోంచి కారి ఛాసిస్ లోపలికి దిగుతాయి. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు పొరలు పొరలుగా లేస్తుంది. ఇంజిన్ మౌంటింగులు పడే చోట చిన్న సుత్తితో కొట్టి చూడు. ఖంగుమనాలి. డబ్ డబ్ అంటే అక్కడ ముక్క కోసి కొత్తది వెయ్యాలి తప్ప పైన ప్లేటు అతికించి ఊరుకోకు.

ఇప్పుడు అసలు మాట. పాత గేరుబాక్సే ఉంచుతావట, కొత్త ఇంజిన్‌కి అది అతకడానికి మధ్యలో అడాప్టర్ ప్లేటు వేయిస్తావట. గ్యారేజీల్లో ఏనాటి నుంచో జరుగుతున్న తప్పు ఇక్కడే ఉంది. ప్లేటుకి బోల్టు కన్నాలు అట్ట మీద గీసుకుని లేత్ షాపుకిస్తారు. బోల్టులు దిగాయి కదా, ఇంకేం అనుకుంటారు. బోల్టు కన్నంలో ఎప్పుడూ కాస్త వదులుంటుంది, అది సెంటరు పట్టదు. సెంటరు పట్టేది డోవెల్ పిన్నులు, అంటే కన్నంలో వదులు లేకుండా బిగుతుగా దిగే ఉక్కు పిన్నులు. ఇంజిన్ క్రాంకు సెంటరుకీ గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సెంటరుకీ వెంట్రుకంత తేడా ఉన్నా మొదట్లో ఏమీ తెలీదు. తర్వాత పైలట్ బుష్ (క్రాంకు చివర ఆ షాఫ్టు కొస కూర్చునే బుష్) ఓవల్ అవుతుంది, క్లచ్ తొక్కితే గుర్రుమంటుంది, గేరుబాక్సు ముందు బేరింగు పోతుంది, టాప్ గేరు దానంతటదే జారిపోతుంది. మనవాళ్లేమో గేరుబాక్సు పాతదైపోయిందని ఇంకోటి తెచ్చి పెడతారు. అదీ పోతుంది.

ఇలా చెయ్యి. గేరుబాక్సు పెట్టకుండా ప్లేటు, బెల్ హౌసింగ్ (క్లచ్ మీద గంటలా ఉండే తొడుగు) మాత్రం బిగించు. డయల్ గేజ్‌ని మాగ్నెట్ బేస్‌తో ఫ్లైవీల్ మీద నిలబెట్టి, ముల్లుని బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం అంచుకి ఆనించి, క్రాంకుని చేత్తో ఒక చుట్టు తిప్పు. ముల్లు మొత్తం కదలిక 0.13 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే అందులో సగమే అసలు తేడా. అంటే 0.40 చూపిస్తే 0.20 జరపాలి. బోల్టులు కొంచెం వదులు చేసి కొయ్యసుత్తితో తట్టు, మళ్లీ బిగించు, మళ్లీ తిప్పి చూడు. విసుగొస్తుంది, రానీ. సరిపడ్డాకే డోవెల్ కన్నాలు వేసి రీమర్ కొట్టించు. ముందే కన్నాలు వేస్తే ఆ తప్పుని శాశ్వతంగా బిగించినట్టే.

ఇంకోటి, 12 మిల్లీమీటర్ల ప్లేటు వేస్తే గేరుబాక్సు 12 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. షాఫ్టు కొస పైలట్ బుష్‌లోకి ఆ మేరకు తక్కువ దిగుతుంది, కనుక బుష్ పొడుగ్గా చేయించు. కొస క్రాంకుకి మాత్రం తగలకూడదు, రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా చూసుకో, స్ప్లైను జరగడానికి చోటు మిగలకపోతే అంత మేరా తగ్గించి బ్యాలెన్సింగ్ చేయించు.

ఎక్స్‌డీపీ 4500 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజిన్. డీఐ 3200 దగ్గరే చాలంటుంది. వెనక యాక్సిల్లో 43 పళ్ల క్రౌనూ 8 పళ్ల పినియనూ, అంటే 5.38 నిష్పత్తి ఉంటే, 6.00-16 టైర్లతో టాప్ గేరులో 3000 దగ్గర గంటకి సుమారు 74 కిలోమీటర్లే పోతావు. 4.27 వేస్తే 93 దాకా వస్తుంది. నీది ఫోర్ వీల్ అయితే ముందు యాక్సిల్లో కూడా అదే వెయ్యాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కలే. స్పీడోమీటర్ పళ్లచక్రం మార్చకపోతే 50 చూపించేటప్పుడు నువ్వు 63 మీద ఉంటావు, మర్చిపోకు తల్లీ.

ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య లావు ఎర్త్ పట్టీ వెయ్యి. లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి దాన్ని కాల్చేస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (తొడుగు) తప్పనిసరి.

ఇవన్నీ ఇంజిన్ దించాక. దించకముందే బ్రేకులు. పాత మాస్టర్ సిలిండర్ సింగిల్‌దైతే ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకుండదు. టాండెమ్ (రెండు విడి గదులున్నది) వెయ్యి, ముందుకీ వెనక్కీ వేరే లైన్లు. డీజిల్ ఇంజిన్‌లో మానిఫోల్డు వాక్యూమ్ రాదు, వాక్యూమ్‌తో పనిచేసే బ్రేక్ బూస్టర్ పెడితే ఆల్టర్నేటర్‌కి వాక్యూమ్ పంపు ఉన్నదే చూసుకో. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది, మన సముద్రపు గాలికి ఇంకా ఎక్కువ. తేమ పట్టిన ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ముల వేడికి మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకి అంటుకుపోతుంది. అందుకని మొత్తం వంపేసి కొత్తది పోసి ఎయిర్ తియ్యి. అనంతగిరి నుంచి శృంగవరపుకోట వైపు సెకండ్ గేరులోనే దిగు, న్యూట్రల్ చేశావని తెలిసిందో తాళాలు లాక్కుంటాను. మొదటిసారి ఖాళీ బండితోనే వెళ్లు.

డయల్ గేజ్ కొనకు, నాది పంపిస్తున్నాను. డోవెల్ కన్నాలు వేసే ముందు ముల్లు పైనా, కిందా, రెండు పక్కలా ఎంత చూపించిందో నాలుగు అంకెలూ రాసి ఫోటో పెట్టు, నేను చూసి సరే అన్నాకే డ్రిల్లు పట్టుకో.

దీవెనలతో,
మావయ్య