ఆ ఇంట్లో కట్టెలెన్ని ఉన్నాయి?

అనంతపురం

తమ్ముడూ,

నీ దెయ్యం నవల చదివినాను. కడపోడికి మంచు కథెందుకని మీవాళ్ళు నవ్వినారంట. నవ్వనీ. కథ యాడ పెట్టుకోవాలనేది నీ ఇష్టం. నా పేచీ వేరే. నీ నవలలో మంచు ఊరికే పడుతుంది, ఏ పనీ చేయదు.

ఇల్లు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పెట్టినావు, కాలం ఇప్పటిదే అన్నావు. మనాలి నుంచి అక్కడికి పోయే దారిలోని రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. చలికాలం అది మూతపడితే ఆ లోయకు నెలల తరబడి రోడ్డు ఉండేది కాదు, నిజమే. కానీ 2020 అక్టోబరులో ఆ కనుమ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచినారు. ఇప్పుడైతే మీ హీరో జీపెక్కి మనాలి చేరుకుంటాడు, ఇంట్లో దెయ్యం ఒక్కటే మిగులుతుంది! కథను ఓ ఇరవై ఏండ్లు వెనక్కి జరుపు. సెల్‌ఫోను పీడా వదులుతుంది.

అక్కడి పాత ఇండ్లకు మన మట్టిమిద్దెల మాదిరే బల్లపరుపు కప్పు. మంచు పడినప్పుడల్లా పైకెక్కి పారతో తోసేయాల, లేకుంటే బరువుకు దూలాలు విరుగుతాయి. నీ నవలలో ఆ పని చేసేవాడే లేడు. ఒకణ్ణి పెట్టు. రోజూ రాత్రి వాడి పార చప్పుడు వినిపించు, పాఠకుడు దానికి అలవాటు పడనీ. తర్వాత వాడు జ్వరంతో మంచాన పడి, అందరి కళ్ళముందే పడుకొని ఉంటాడు. మిద్దె మీద పార చప్పుడు మాత్రం ఆగదు.

నక్క ఊళలన్నీ కొట్టేయి. కొత్తగా పడిన మంచు చప్పుళ్ళను పీల్చేస్తుంది. దూరంనుంచి ఏదీ వినపడని చోట, తలుపు అవతల చిన్న గీరుడు చాలు.

బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టినావు, బాగుంది, వాడుకోలేదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, తికమక, మత్తు, ఆపైన చావు. ఆ గదిలో ముసలామె చూసింది దెయ్యాన్నా, విషగాలి చూపించిన భ్రమనా? తేల్చొద్దు.

ఇవన్నీ నువ్వు పుస్తకాల్లో వెతికి తెలుసుకోవచ్చు. కానీ అసలు సంగతి నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ట్యాంకర్ వచ్చేదాకా బిందెలో నీళ్ళు ఎంతకొస్తాయని లెక్కేసుకునే ఇంట్లో పెరిగినవాడివి. రెండో అధ్యాయంలోనే కట్టెలు లెక్కపెట్టించు. ఎవరో ఒకరు దొంగతనంగా ఒక మోపు దాచుకోవాల. దెయ్యం ఏడో అధ్యాయందాకా రానక్కర్లేదు.

తల్లీకూతుళ్ళ గొడవ ఉన్న పేజీలు మాత్రం ముట్టుకోవద్దు. మిగతాది తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టు, నా కండ్లు అంతంతమాత్రం.

ఇట్లు,
మీ అన్న