జపాన్ బడిలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఏప్రిల్‌లో నగానోలో ఇంగ్లిష్ అసిస్టెంట్ టీచర్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో రాయమన్నావట. ఆ విషయంలో నాకు బెంగ లేదు. ప్రైమరీలో పీరియడ్ 45 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 50. పక్కన జపనీస్ టీచర్ ఉంటారు, పుస్తకం ఉంటుంది, ఎలాగోలా గడుస్తుంది. నువ్వు ఆ బడి మనిషివయ్యేది మాత్రం పీరియడ్ బయటే. మధ్యాహ్నం భోజనం దగ్గర, గదులు తుడిచేటప్పుడు, స్టాఫ్ రూమ్‌లో. నేను రాయాలనుకున్నది అదే.

బడి భోజనాన్ని క్యూషోకు అంటారు. వడ్డించేది పిల్లలే. వంతు వచ్చినవాళ్లు తెల్ల ఏప్రాన్, టోపీ, మాస్కు వేసుకుని గిన్నెలు మోసుకొస్తారు. తరగతి గదిలోనే అన్నం, సూపు, కూర, పాలు అందరి బల్లల మీదికీ చేరుస్తారు. చివరి పిల్లాడికి వడ్డన అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. తర్వాత అందరూ చేతులు జోడించి ‘ఇతదాకిమాస్’ అని మొదలుపెడతారు. నువ్వు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని తినకు. అనుమతి అడిగి తరగతిలోకి వెళ్లు, రోజుకో గుంపుతో కూర్చో. బోర్డు ముందు నోరు విప్పని పిల్ల అక్కడ నీకు ఖాళీ పాల డబ్బా ఎలా మడవాలో చూపిస్తుంది. ఇండియాలో రోజూ కూరన్నమేనా అని అడుగుతుంది. వాళ్ల క్యూషోకులోనూ కూరన్నానికి మంచి గిరాకీ, కాబట్టి కబుర్లకు కొదవుండదు. ఆ పిల్లే వారం తిరిగేసరికి క్లాసులో చెయ్యెత్తుతుంది. ఏ ట్రైనింగ్‌లోనూ ఇంతకంటే పనికొచ్చే మాట చెప్పరు.

నువ్వు చేపలు తినవు కాబట్టి ఒక జాగ్రత్త. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో ముక్క కనబడకపోయినా, దాని అడుగున ఉండే దాషి అనే రసాన్ని చాలాసార్లు ఎండు చేప తురుముతోనే కాస్తారు. కూరగాయలు ఉడికేదీ అందులోనే. ‘మాంసం తినను’ అని ఊరుకుంటే వాళ్లకు ఇది తట్టదు. చేరిన మొదటి రోజే వైస్ ప్రిన్సిపల్‌కు, దాషితో సహా తినను అని కాగితం మీద జపనీస్‌లో రాయించి ఇవ్వు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటానని నువ్వే అడుగు. డబ్బా తెచ్చుకున్నా పిల్లల మధ్యే కూర్చో. వడ్డించుకుని వదిలేయడం మాత్రం వద్దు. మిగల్చకుండా తినడం ఆ బడి నేర్పే పాఠాల్లో ఒకటి.

భోజనం, ఆట అయ్యాక చాలా బళ్లలో సోజి, అంటే బడి ఊడ్చి తుడిచే పని ఉంటుంది. మైకులో పాట వేస్తారు. పిల్లలు తడిగుడ్డను రెండు చేతులతో నేలకు అదిమి, నడుము పైకెత్తి, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెడతారు. టీచర్లూ కలుస్తారు. నువ్వూ చీపురు అందుకో. టీచరమ్మ ఊడవడమేమిటన్న మన ఇళ్ల మాటను అక్కడికి మోసుకెళ్లకు. ఆ దేశపు చదువులో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఈ పావుగంటే. కూర్చున్న చోటు తనే తుడుచుకున్న పిల్లాడు తుడిచే మనిషిని చిన్నచూపు చూడడు. మన బళ్లలో కూడా ఇది రావాలని నాకు ఎంతో ఆశ.

స్టాఫ్ రూమ్‌లో పొద్దున రాగానే అందరికీ వినబడేలా పలకరించు. సాయంత్రం ముందుగా బయల్దేరితే ‘ఒసాకినీ షిత్సురేషిమాస్’ (మీకంటే ముందు వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి) అని చెప్పి కదులు. మౌనంగా జారుకుంటే బాధపడతారు. ఊరెళ్లి వస్తే అందరికీ తలా ఒకటి తినడానికి తెచ్చిపెట్టడం ఆనవాయితీ. మన మిఠాయిలు చాలామందికి తీపెక్కువ అనిపిస్తాయి. నా ఓటు ఆత్రేయపురం పూతరేకులకే. విడివిడిగా కాగితం చుట్టి ఉంటాయి, పంచడం తేలిక.

క్లాసులో ప్రశ్న అడగ్గానే నిశ్శబ్దం వస్తుంది. టెన్షన్ పడకు. నలుగురిలో తప్పు చెప్పడానికి జంకుతారు, అంతే. ముందు పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వు, తర్వాత అడుగు. అయిదు, ఆరు తరగతులకు 2020 నుంచి ఇంగ్లిష్‌కు మార్కులు వేసే సబ్జెక్టు హోదా వచ్చింది. అప్పటి నుంచి పిల్లలతో పాటు క్లాస్ టీచర్లకూ దిగులే. వాళ్లకు నువ్వు అండగా ఉండాలి, పిల్లల ముందు వాళ్ల ఉచ్చారణ దిద్దకూడదు.

ఇక ఇంటి సంగతులు. విమానాశ్రయంలో ఇచ్చే రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు సిటీ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించాలి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే డాక్టరు బిల్లులో నీ వాటా 30 శాతమే, జ్వరం వస్తే వెళ్లడానికి వెనకాడకు. చెత్త ఏ రోజు ఏది పెట్టాలో ఊరూరికీ వేరుగా ఉంటుంది, ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించు. ఇరుగుపొరుగుతో మాట వచ్చేది ఎక్కువగా చెత్త దగ్గరే. నగానోలో ఏప్రిల్ రాత్రులు కూడా చలే, చాలా ఇళ్లలో గదికో హీటర్ తప్ప ఇల్లంతా వేడి చేసే ఏర్పాటు ఉండదు. కిరోసిన్ హీటరైతే మధ్యమధ్యలో కిటికీ తెరువు, పడుకునే ముందు ఆర్పెయ్. భూకంపం వస్తే బయటికి పరుగెత్తకు, బల్ల కింద దూరి దాని కాలు పట్టుకో. బళ్లో డ్రిల్ జరిగినప్పుడు పిల్లలే చూపిస్తారు, శ్రద్ధగా చెయ్. మొదటి జీతం వచ్చేసరికి ఆలస్యం కావచ్చు. ఇంటికి అడ్వాన్సు, ఓనరుకు తిరిగిరాని కానుక కూడా కట్టాల్సి రావచ్చు. మీ నాన్నను ఇబ్బంది పెట్టకు, తక్కువైతే నన్ను అడుగు.

పెట్టెలో చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టనివ్వకు, మాంసం ఏ రూపంలో ఉన్నా లోపలికి రానివ్వరు. మొక్కల తనిఖీ సర్టిఫికెట్ లేకుండా పచ్చి కరివేపాకూ కుదరదు. సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మాత్రలు అక్కడ నిషేధం. రోజూ వేసుకునే మందులైతే చీటీతో సహా నెలకు సరిపడా పెట్టుకో. ఆవకాయ నేను పంపిస్తాను. కాళ్లకు బూట్లు రెండు జతలు కొనుక్కో, ఒకటి బడి లోపల తొడుక్కోవడానికి. నీ సైజు అక్కడ దొరకడం కష్టం. టికెట్ తేదీ తెలియగానే ఫోన్ చెయ్.

మీ అత్తయ్య