‘మళ్లీ ఎప్పుడొస్తావన్నా?’ అని అడిగాడు

ప్రశ్న: పోయిన క్రిస్మస్‌కు మా పాస్టర్ గారు మమ్మల్ని కడప సెంట్రల్ జైలుకు తీసుకుపోయారు సార్. పాటలు పాడాం, కేకు పంచాం, వచ్చేశాం. నా వయసు కుర్రాడొకడు ‘మళ్లీ ఎప్పుడొస్తావన్నా?’ అన్నాడు. ఏం చెప్పాలో తెలీక నవ్వేసి వచ్చాను. అప్పట్నుంచి అదే గుర్తొస్తోంది, వారం వారం పోవాలనుంది. మా ఆవిడకేమో టెన్షన్. నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు, బైబిల్ కాలేజీ చదువు లేదు. నాలాంటివాళ్లను రానిస్తారా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నవ్వేసి వచ్చావు చూడు, అదే నయం బాబూ. ‘వచ్చే శనివారం వస్తాలే’ అని నోరు జారి ఉంటే ఆ అబ్బాయి ఈపాటికి ఎన్ని శనివారాలు లెక్కపెట్టుకునేవాడో. నేను ఆ తప్పు చేశాను. జైళ్లకు పోవడం మొదలుపెట్టిన కొత్తలో ఒక జీవిత ఖైదీకి వస్తానని చెప్పి, ప్రొద్దుటూరులో పెళ్లి తగిలితే అటు పోయాను. తర్వాతి వారం పోతే ఆ పెద్దాయన రాలేదు. పోయిన శనివారం గడ్డం గీసుకుని, ఉతికిన బట్టలేసుకుని సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చున్నాడని వార్డర్ చెప్పాడు. మళ్లీ నాతో నోరు విప్పడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది.

కాబట్టి వారం వారం అనొద్దు. షాపు పెట్టుకున్నవాడివి, నెలకు రెండుసార్లు అనుకో, ఆ రెండూ తప్పకు.

రానిస్తారా అంటే, నేరుగా గేటు దగ్గరికి పోతే రానివ్వరు. ములాఖత్ బంధువులకు, స్నేహితులకు, లాయర్లకు. మనలాంటివాళ్లం సంఘం తరఫున సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టుకోవాలి, ఆధార్ జిరాక్సులు ఇవ్వాలి, ఒక్కోసారి అది పై ఆఫీసు దాకా పోయి నెలలు పడుతుంది. ముందు నుంచి పోతున్నవాళ్లతో కలిస్తే తేలిక. క్యాథలిక్కులకు 1981లో కేరళలో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా ఉంది, మీ ఊళ్లో ఫాదర్‌ను అడిగి చూడు. వాళ్లు వేరే మనం వేరే అనుకోకు, జైలు గేటు దగ్గర అందరి జేబులూ ఒకేలా తడుముతారు.

చదువు సంగతంటావా, అమెరికాలో ఈ పనికి పేరు తెచ్చిన చార్లెస్ కోల్సన్ పాస్టరేం కాదు, అధ్యక్షుడు నిక్సన్ దగ్గర పనిచేసిన లాయరు. వాటర్‌గేట్ కుంభకోణం రోజుల్లో 1974లో తనే జైలుకు పోయి ఏడు నెలలుండి, బయటికొచ్చాక 1976లో ఖైదీల కోసం ప్రిజన్ ఫెలోషిప్ అనే సంస్థ పెట్టాడు. నీకు రిపేరు పని తెలుసు, రేపు విడుదలయ్యే కుర్రాడికి అదే ఎక్కువ అక్కరకొస్తుంది. మత్తయి 25లో ప్రభువు చెరసాలలో ఉంటే నా దగ్గరికి వచ్చారు అన్నాడే గానీ, వచ్చి ప్రసంగం చేశారు అనలేదు కదా. పో, కూర్చో, విను. ఏం చేసి లోపలికొచ్చావని మాత్రం అడక్కు, చెప్పాలనుకున్న రోజున తనే చెబుతాడు.

ఒక్కదాని దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. ‘మా వాళ్లకు ఈ మాట చెప్పన్నా’ అంటారు. అమ్మకు బాగున్నానని చెప్పమనడం వేరు, కానీ మన సీమలో పాత పగల కేసులున్నాయి, ‘ఫలానా ఆయన్ను ఆలోచించుకోమను’ అన్న చిన్న మాట సాక్షి ఇంటికి చేరితే బెదిరింపే అవుతుంది. ఏది ఏదో మనకు తెలీదు, అందుకని ఏ కబురూ మోయొద్దు. బీడీ కట్టయినా, చీటీ అయినా తీసుకుపోవద్దు. 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద దానికి ఆరు నెలల దాకా జైలు, అప్పుడు నువ్వూ లోపలే ఉంటావు.

మీ ఆవిడ భయాన్ని కొట్టిపారేయకు. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వనని ఆమెకు మాటిచ్చెయ్. ఉత్తరాలు సంఘం అడ్రసుకే రాయమను.

ప్రశ్న: దొంగతనం కేసులో నా కొడుకు కర్నూలు జైల్లో రిమాండ్‌లో ఉన్నాడు. బెయిలు వచ్చి నెల దాటింది, జామీనుకు ఎవరూ ముందుకు రావడం లేదు. ప్రార్థనకు వచ్చే బ్రదర్స్ ధైర్యంగా ఉండమంటారు. ధైర్యంతో ఏం చేసుకోవాలయ్యా?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: న్యాయంగా అడిగావు తల్లీ. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, రేపే పో, బెయిలు కాగితం తీసుకుపో. జైల్లో ఉన్నవాళ్లకు లాయరును వాళ్లు ఉచితంగా ఇవ్వాలి, 15100కు ఫోన్ చేసినా పలుకుతారు. బెయిలు వచ్చి ఏడు రోజులైనా మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటే ఆ ఆఫీసుకు తెలపాలని, నెలైనా జామీను పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పేద ఖైదీల కోసం 2023లోనే కేంద్రం పెట్టిన పథకంలో బెయిలు డబ్బుకు సాయం చేస్తారు, జిల్లా కమిటీ ద్వారా. అదీ అడుగు.

బ్రదర్స్‌కు కూడా ఒక మాట. 2022 చివరి లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివాళ్లే. అంటే మీరు కూర్చోబెట్టి పాట పాడించేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఒక లాయరు, ఒక జామీనుదారు. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 479వ సెక్షన్ ప్రకారం ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే బెయిలు మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. ప్రార్థన అయ్యాక ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారో అడిగి రాసుకుని, జైలు అధికారికి చూపించి న్యాయసేవ ఆఫీసులో ఇవ్వండి.

ప్రశ్న: ఎటూ పోలేనివాళ్ల దగ్గరికి పోయి మతం చెప్పడం ఏం న్యాయం?
– అనంతపురం నుంచి ఒకరు

జవాబు: మీ అనుమానం తప్పనను. లేచి వెళ్లిపోలేనివాడికి బోధ చేయడం తేలికే, అందుకే అది తప్పు కూడా. సబ్బు ఇచ్చి ప్రార్థనకు రమ్మన్నవాళ్లను నేను చూశాను, గొడవ పడ్డాను. ఇష్టమైనవాళ్లే రావాలి, రానివాడికీ సబ్బు దక్కాలి. మాతో కుట్టుపని నేర్పే మాస్టారొకాయన వస్తారు, ఆయన ముస్లిం. మా ప్రార్థన అయ్యేదాకా బయట వార్డర్‌తో కబుర్లు చెబుతూ కూర్చుంటారు. నిజం చెప్పాలంటే లోపల మాకంటే ఆయన కోసం ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.